చప్పుడు తగ్గింది

“అన్నా, ఇక ఆవిడింటికి నేను పోను. ఇది ఏడోసారి!” అంటూ మెకానిక్ కోటేష్ పనిముట్ల సంచి టేబుల్ మీద పడేశాడు.

సాదిక్ కంప్యూటర్ వంక చూశాడు. ఊరు పెదకాకాని. రోగి పేరు చెంచురామయ్య. ఆక్సిజన్ మిషన్. ఫిర్యాదు: చప్పుడు తగ్గింది.

“తగ్గిందా? అందరూ చప్పుడు ఎక్కువైందని మన ప్రాణం తీస్తుంటే, ఈవిడ గోలేంట్రా?”

“అదేగా నేననేది! నెల కింద పాతది తెచ్చేసి కొత్త మిషన్ పెట్టానా, అప్పట్నుంచీ ఇదే పాట. మీటర్ పెట్టి చూశా, ఆక్సిజన్ బ్రహ్మాండంగా వస్తోంది. ఆ మాటే చెబితే, ‘మునుపటిలా లేదు నాయనా’ అంటుంది. పోనీ పెద్దాయన్ని చూద్దామంటే లోపలికి రానీదు. పడుకున్నాడు, లేపొద్దంటుంది. మిషన్ని వరండాలోకి తోసుకొచ్చి చూపిస్తుంది. ఏం చెయ్యమంటావ్?”

గుంటూరులో ఇంటి ముందు గదే సాదిక్ దుకాణం. ఆక్సిజన్ మిషన్లు అద్దెకిస్తాడు, చెడిపోతే బాగుచేస్తాడు. పొద్దస్తమానం మోగే ఫోన్లతో విసిగిపోయి, ఈ మధ్యే ఫిర్యాదులకు టికెట్ల పద్ధతి పెట్టాడు. హాల్లో టీవీ కింద, ఇంటిల్లిపాది ఫొటోలు దాచుకునే చిన్న సర్వర్ పెట్టె ఒకటుంది. ఉచితంగా దొరికే హెల్ప్‌డెస్క్ సాఫ్ట్‌వేర్ తెచ్చి అందులోనే ఎక్కించుకున్నాడు. ఎవరైనా మాట రికార్డు చేసి పంపితే చాలు, దానికో నంబరు పడి టికెట్ అవుతుంది. పని అయ్యాక మూసేయడమే. పెద్ద కంపెనీలకు తీసిపోకుండా అంతా తన ఇంట్లోనే నడుస్తోందని సాదిక్‌కు మహా గర్వం.

ఆ గర్వానికి పెదకాకాని టికెట్ ఒక్కటే కంట్లో నలుసైంది. ఎన్నిసార్లు మూసినా మళ్లీ తెరుచుకుంటోంది.

“సరే, నువ్వెళ్లు. దీని సంగతి నేను చూస్తా,” అన్నాడు.

కోటేష్ వెళ్లాక, ఆవిడ ఫోన్ నుంచి ఏమొచ్చినా దానంతటదే మూసుకుపోయేలా ఒక ఏర్పాటు చేశాడు. వెంటనే ఒక జవాబు కూడా వెళ్తుంది: ‘మీ సమస్య పరిష్కరించబడింది. ధన్యవాదాలు.’

టీ తెచ్చిన భార్య నజీరా వెనక నిలబడి అది చదివింది.

“ఏమండీ, ఆవిడకేం కావాలో ఒక్కసారి ఫోన్ చేసి అడగొచ్చుగా?”

“ఫోన్ల బాధ పడలేకే కదా ఇదంతా పెట్టింది!”

నజీరా గ్లాసు పక్కన పెట్టి వెళ్లిపోయింది.

పది రోజులు హాయిగా గడిచాయి. ఆదివారం ఉదయం పాత టికెట్లు సర్దుతూ కూర్చున్న సాదిక్‌కు, దానంతటదే మూసుకుపోయిన జాబితా కనబడింది. తొమ్మిది టికెట్లు. తొమ్మిదీ పెదకాకానివే. నవ్వుకుంటూ ఒకటి నొక్కాడు.

“బాబూ, నేను కోటిరత్నాన్ని, చెంచురామయ్య గారి భార్యని. చప్పుడు ఇంకా తగ్గింది నాయనా.”

తర్వాతవీ అంతే. నాలుగు రోజుల కిందటి చివరిది మాత్రం వేరుగా ఉంది.

“ఇవాళ అసలు చప్పుడే లేదు బాబూ. స్విచ్చి వేస్తే లైటు కూడా రావట్లేదు. ఎవరన్నా రండి. మీకు పుణ్యముంటుంది.”

దాని కింద తన జవాబు: ‘మీ సమస్య పరిష్కరించబడింది. ధన్యవాదాలు.’

సాదిక్ లేచి నిలబడ్డాడు. మిషన్ ఆగిపోయింది. నాలుగు రోజులైంది. ఫోన్ చేశాడు. మోగింది గాని ఎవరూ ఎత్తలేదు. మళ్లీ చేశాడు. ఎత్తలేదు.

“ఏమైందండీ?” అంటూ నజీరా పరుగెత్తుకొచ్చింది.

“నువ్వు చెప్పినప్పుడే ఫోన్ చేసి ఉండాల్సింది,” అన్నాడు.

దుకాణంలో సిద్ధంగా ఉన్న మిషన్ ఒకటి స్కూటీ ముందు పెట్టుకుని హైవే ఎక్కాడు. మిరప బస్తాల లారీ ఒకటి ముందు పోతోంది. కళ్లలో నీళ్లు ఆ ఘాటుకో, భయానికో అతనికే తెలియలేదు. ఒక్క నిమిషం. కోటేష్‌తో పాటు తానూ ఒకసారి వెళ్లి, గుమ్మం ముందు ఒక్క నిమిషం నిలబడి విని ఉంటే ఏం పోయేది? దారి పొడవునా అదే అనుకున్నాడు. ఆ మనిషి బతికుంటే చాలు, ఇక ఏ టికెట్టూ చూడకుండా మూయనని మొక్కుకున్నాడు.

తలుపు తీసే ఉంది. పిలిచినా ఎవరూ పలకలేదు. లోపలికి అడుగుపెట్టాడు.

మంచం ఖాళీగా ఉంది. పరుపు చుట్టి గోడకు ఆనించి ఉంది. పైన చెంచురామయ్య ఫొటో, దానికి దండ. మూగబోయిన మిషన్, నేల మీద పరిచిన చాప పక్కన ఉంది.

మోసుకొచ్చిన మిషన్‌ని నేల మీద పెట్టి, సాదిక్ అక్కడే కూలబడిపోయాడు.

పెరట్లోంచి తడి చేతులు తుడుచుకుంటూ కోటిరత్నం వచ్చింది. “ఎవరు బాబూ?”

“నేనేనమ్మా, మిషన్ల సాదిక్‌ని. నువ్వు పిలిచిన ప్రతిసారీ నేనే మూసేశాను. కనీసం విననైనా లేదు. ఆయన్ని నేనే చంపేశానమ్మా!” అంటూ ఆమె కాళ్లు పట్టుకోబోయాడు.

ఆమె గబుక్కున వెనక్కి జరిగింది. అతని భుజం పట్టి లేపింది. ఫొటో వంక, మిషన్ వంక తప్పు చేసిన దానిలా చూసింది.

“ఊరుకో నాయనా, ఆయన పోయి రెణ్ణెల్లయింది. చెబితే మిషన్ పట్టుకుపోతారని దాచాను. మూడేళ్లు ఆ చప్పుడు పక్కనే పడుకున్నదాన్ని, అది వినబడకపోతే నాకు నిద్ర పట్టట్లేదు.”