చెంబుకు తీసిన ఫొటో

కెమెరా ముందు మనిషి లేడు. ఒక ఉల్లిపొర ఉంది.

నంద్యాలలో స్టూడియో పెట్టిన నాటి నుండి శేషయ్య ఇటువంటి వింతను చూడలేదు. చీకటిగదిని బాడుగకు అడిగిన ముసలాయన, తన కళ్లజోడు అద్దమొకటి ఊడదీసి, దానిని కెమెరా కంటికి దారంతో కట్టి, ఊపిరి బిగబట్టి ఆ పొర మీదికి వంగి ఉన్నాడు.

"ఏందీ పెద్దాయనా, ఉల్లిగడ్డకు పెండ్లి సూపులా?"

"అవునప్పా. పిల్ల కుదురుగా కూచుండాది," అన్నాడాయన, తల ఎత్తకుండానే.

ఆయన పేరు నతానియేలు. ఊరు ఆళ్లగడ్డ. వారానికొకమారు బస్సులో వచ్చేవాడు.

ఆయన కడిగిన ఫొటోలు తీగ మీద ఆరుతుంటే, ఆ ఇరుకు గదిలోకి వేరొక లోకం దిగివచ్చినట్లుండేది. ఉల్లిపొర వెన్నెలలో మునిగిన నల్లమల అయ్యేది. కుండ మీది పగులు, వేసవిలో ఎండిన కుందేరు. తూనీగ రెక్కలో గట్లు, మళ్లు, మళ్లలో నిలిచిన నీళ్లు. శేషయ్య వాటి యెదుట తన్ను తాను మరచి నిలబడేవాడు. తెప్పరిల్లి, మరచినందుకు కోపగించుకొనేవాడు.

"ముఖం ల్యాని ఫొటో ఎవురికి కావల్ల? పటంలో పాదాలు కనపడకుంటేనే మావోళ్లు దుడ్లియ్యరు."

"ముఖాలు తీసేదానికి నువ్వుండావు గదప్పా."

శేషయ్యకు చిక్కని ముఖం ఒకటుంది. అది తల్లి కమలాక్షమ్మది.

అతడు ఉయ్యాలలో ఉన్నప్పుడు, ఊళ్లు తిరిగే ఫొటోగ్రాఫరొకడు అతని తండ్రిని కుర్చీలో కూర్చోబెట్టి ఫొటో తీశాడు. వారం తిరగకముందే తండ్రి కన్నుమూశాడు. కెమెరా కన్నే పొట్టన పెట్టుకొన్నదని, పటం ఇవ్వవచ్చిన ఆ ఫొటోగ్రాఫరు మీద కమలాక్షమ్మ నడివీధిలో దుమ్మెత్తి పోసింది. పటాన్ని మాత్రం ఉంచుకొన్నది. కొడుకు అదే వృత్తిలో దిగినా ఆమె పట్టు సడలలేదు.

"ఆ కన్ను నన్ను సూడగూడదు నాయనా. సచ్చినంక గూడా. మాటియ్యి."

అతడు మాట ఇచ్చాడు.

ఇల్లు స్టూడియోకు వెనుకనే. ఒక ఉదయం శేషయ్య పెరట్లోకి వెళ్లి నివ్వెరపోయాడు. నతానియేలు నల్లగుడ్డ కప్పుకొని, చింతపండుతో తోమిన ఇత్తడి చెంబుకు కెమెరా గురిపెట్టి ఉన్నాడు. కమలాక్షమ్మ ఆయన పక్కనే పీట మీద కూర్చొని, తాను కూడా ఆ చెంబునే చూస్తున్నది.

"అమ్మా! ఆ డబ్బా అంటేనే నీకు పడదు గదా. ఈడ కూచున్యావేంది?"

"అది నన్ను యాడ సూస్తాందిరా? సెంబును సూస్తాంది."

శేషయ్యకు ఒళ్లు మండింది. కన్నకొడుకు కెమెరాకు బెదిరే తల్లి, పరాయివాని కెమెరా పక్కన నిబ్బరంగా కూర్చుంటుందా?

"సాలు పెద్దాయనా. రేపట్నుంచి రావాకు. చెంబులూ తపేలాలూ మీ ఊర్లో గూడా ఉంటాయి."

నతానియేలు దారం విప్పి, అద్దాన్ని కళ్లజోడులో బిగించుకొన్నాడు. చెక్క చట్రంలోని గాజు ప్లేటును శేషయ్య చేతికిచ్చాడు.

"ఇది నువ్వే కడుగప్పా. తీరినప్పుడు."

శేషయ్య దానిని అటక మీదికి నెట్టాడు.

"మనిషికి ఇంత బువ్వ పెట్టకుండా పంపితివే," అన్నది కమలాక్షమ్మ.

రాజధాని కర్నూలును వదలిపోతున్నదని ఊరంతా చెప్పుకొంటున్న రోజుల్లో, ఆమె నిద్రలోనే వెళ్లిపోయింది.

పెద్దకర్మనాడు పీట మీద దీపం మాత్రమే ఉంది, పటం లేదు.

"ఊరందరి మొగాలు తీస్తివి. కన్నతల్లి మొగం యాడరా?" అన్నాడు మేనమామ సంజీవయ్య.

శేషయ్య దీపం వత్తిని ఎగదోశాడు. కళ్లు మూసుకొంటే తల్లి ముఖం నీటి మీది నీడవలె చెదరిపోతున్నది. ఇంకొక ఏడాదికి అదీ మిగలదేమో.

అప్పుడతనికి అటక మీది ప్లేటు జ్ఞాపకం వచ్చింది.

కడిగాడు. ఒక వెలుగు సుడి, ఒక చీకటి సుడి; ఎక్కడిదో ఎరుగని ఆకాశం. పెద్దది చేశాడు. సుడి నడుమ పెరడు విల్లువలె వంగి కనిపించింది. మరింత పెద్దది చేశాడు.

చెంబు పొట్టలో, కొంగు నెత్తి మీదికి లాక్కొని, మిగిలిన నాలుగు పండ్లతో నవ్వుతూ అమ్మ. ఆమె పక్కనే, నల్లగుడ్డ కింద వంగిన మనిషి.

కన్ను చెంబునే చూసింది. మాట తప్పలేదు.

మరునాటి మొదటి బస్సుకు శేషయ్య ఆళ్లగడ్డలో దిగాడు. శిల్పుల వీధి చివర, ఉలుల చప్పుడు నడుమ, నతానియేలు అక్క గడపలో కూర్చొని ఉంది.

"మా తమ్ముడా? పోయి నెలాయ నాయనా."

శేషయ్య తాను నంద్యాల స్టూడియోవాడినని చెప్పి, ఆమెకెదురుగా అరుగు మీద కూర్చున్నాడు.

"అంత పనితనముండీ, ఆయన ముఖాలెందుకు తీయల్యాదమ్మా?"

"వయసులో ఊరూరా తిరిగి ముఖాలే తీసేటోడు. మీ నంద్యాలలో ఒకాయమ్మ మొగుడు పోయిన దుఃఖంలో దుమ్మెత్తి పోసిందంట. ఆ దినం మొదలు మనిషికెదురుగా డబ్బా పెట్టల్యా. ముసలితనంలో మనసాగక, ఆయమ్మ కండ్ల పడాలని మల్లా మీ ఊరికి తిరగబట్టె." ఆమె కొంగుతో కళ్లొత్తుకొంది. "ఆయమ్మ గుర్తుపట్టి, సెంబుతో నీళ్లిచ్చిందంట నాయనా."

శేషయ్య ఇల్లు చేరి, ఆ చెంబు పటాన్ని తండ్రి పటం పక్కన తగిలించాడు. ఎవరు తీశారని అడిగినవారికి, రెంటినీ ఒకాయనే తీశాడని చెప్పేవాడు.