నా కొడుకు మీద ఫిర్యాదు

నా కొడుకు భూమన్న మీద రాజురాలోని తాలూకా సాహెబుకు ఫిర్యాదు రాయించడానికి కూర్చున్నాను. నాకు అక్షరం ముక్క రాదు. ఇంట్లో రాయడం వచ్చింది వాడొక్కడికే కనుక పోస్టు కార్డు వాడి చేతికే ఇచ్చాను.

మా ఊళ్లను హైదరాబాదు రాష్ట్రం నుంచి తీసి నాందేడు జిల్లాలో కలిపినప్పుడు, "ఊరు ఏడుంటదో తేలనియ్యి అవ్వా, అప్పుడు కొట్టం సర్దుత" అన్నాడు. ఇప్పుడు చాందాలో కలిపారు. "కొత్త జిల్లా గదనే, జర కుదురుకోనియ్యి" అంటున్నాడు.

"రాయిరా. నాగలి వానల నానుతుంది."

వాడు తల గోక్కున్నాడు. "గిట్ల రాస్తే నా ఇజ్జత్ ఏం గావాలె?" లేచి వెళ్లి నాగలిని కొట్టంలో పెట్టి వచ్చాడు. "ఇగ నానుతలేదు. ఇంకేంది?"

"కొడవలి యాడ వడ్డదో కొడవలికే ఎరుక."

మళ్లీ లేచాడు. కొడవళ్లు వెతికి వరసగా చూరులో చెక్కాడు. నేను అడగబోతున్నానని తెలిసి పలుపుతాళ్లూ చుట్టి తగిలించాడు.

సాయంత్రం ఎద్దులు ఇంటికొచ్చి, ఎవరి కొట్టమో అనుకుని గుమ్మంలోనే మొరాయించాయి. కార్డు మీద సాహెబుకు దండాలు తప్ప ఇంకేమీ లేదు.

"ఇగ ఏం రాయాలె?" అన్నాడు, గెలిచినట్టు.

"కార్డు చూరుల వెట్టు. రేపు ఇల్లు జూసి చెప్త."

రాజురా పోయి కొత్త కచేరీ చూసి రారా అని ఎన్నిసార్లు చెప్పినా వాడు కదల్లేదు. పోయి ఉంటే, ఆ సాహెబుకు మరాఠీ తప్ప తెలుగు రాదని వాడికీ తెలిసేది.