పిన్ని కడిగిచ్చిన చేపలు

సముద్రపు నాచులో రేడియోధార్మికత కనబడుతోంది. ఆ నాచు తిని బతికే చేపల్లో మాత్రం ఆర్నెల్లుగా దాదాపు సున్నా. లాబులో మా పెద్దసారు సంబరపడిపోయారు. నాకే ఎక్కడో తేడా కొట్టింది. రేడియేషన్ మీటరు పట్టుకుని, మాకు పరీక్షకి వారం వారం చేపలిచ్చే పిన్ని కొట్టుకి వెళ్ళాను.

"పిన్నీ, నాకిచ్చే చేపలు నిజంగా సముద్రానివేనా?"

"కాకపోతే ఆకాశంలోంచి ఊడిపడ్డాయా?" పిన్ని కత్తి ఆపకుండానే అంది. "పైగా నీకోసం తల, పేగులు, లివరు అన్నీ తీసేసి, మూడుసార్లు కడిగి మరీ ఇస్తున్నాను. చదువుకున్న పిల్లవి, చేతులు నీచు కొడతాయని."

నేను నెత్తి పట్టుకున్నాను.

"నా కొంప ముంచావు పిన్నీ! నేను వెతికే రేడియోధార్మికత ఎక్కువగా పేరుకునేది ఆ పేగుల్లో, లివర్లోనే. అవన్నీ ఏం చేశావు?"

పిన్ని కత్తితో బల్ల కిందికి చూపించింది. దిండంత పిల్లి ఒకటి వెల్లకిలా పడుకుని ఉంది.

గబగబా కింద కూర్చుని దాని పొట్టకి మీటరు ఆనించాను. పిల్లి హాయిగా గుర్రుగుర్రుమంది. మీటరులో అంకె మాత్రం ఉన్నచోటు నుంచి కదల్లేదు.

"హమ్మయ్య! దీనికి హాని చేసేంత లేదు. వచ్చే వారం నుంచి చేపని ఉన్నదున్నట్టు ఇవ్వు పిన్నీ," అన్నాను. "పాపం, ఆర్నెల్లుగా మా లాబు పనంతా ఈ పిల్లే చేసింది, జీతం లేకుండా."

"జీతం లేకుండానా?" పిన్ని పకపకా నవ్వింది. "దాని పొట్ట చూడవే!"