చెరపని గీతలు

“ఆ గీతలు చెరిపెయ్,” అన్నాడు సాల్మన్, మళ్ళీ.

క్రిస్టినాకి ఒళ్ళు మండిపోయింది. కోత పండుగ వేలంపాటకి అందరూ గుమ్మడికాయలూ కోళ్ళూ అరటిగెలలూ తెచ్చారు. ఆమె దగ్గరున్నది పెన్సిలొక్కటే. రానంటున్నా వినకుండా ఆడవాళ్ళు సంఘ పెద్ద సాల్మన్ భార్య హెలెన్‌ని చర్చి పందిట్లోకి లాక్కొచ్చి కూర్చోబెడితే, చార్టు మీద మనిషి ముఖమంత బొమ్మ టీ చల్లారేలోగా గీసేసింది క్రిస్టినా. సాంబారు గుండిగల దగ్గర్నుంచి సాల్మన్ వచ్చేసరికి బొమ్మ అయిపోయింది.

“అచ్చం హెలెన్ గారేనండి. ఆ కళ్ళు చూడండి, ఏదో చెప్పబోయి ఆగినట్టున్నాయి,” అన్నాడు వేలం పాడించే యెహెజ్కేలు.

“చెవి దగ్గర నెరిసిన పాయ కూడా వదల్లేదే పిల్ల,” అని ఆడవాళ్ళు మురిసిపోయారు. దట్టంగా పౌడరు రాసుకున్న ముఖం మీదకి కొంగు లాక్కుని హెలెన్ తల దించుకుంది. పొగిడితే సిగ్గు కాబోలనుకున్నారంతా.

“చెంప మీద ఈ నాలుగు పిచ్చిగీతలేంటి? చెయ్యి జారిందని ఒప్పుకో,” అన్నాడు సాల్మన్.

“జారలేదండి. నేను కళ్ళు సగం మూసుకుని చూస్తాను. అప్పుడు ముక్కూ చెంపా అని ఉండదు, వెలుగూ నీడా కనబడతాయంతే. నీడ ఉన్నచోట పెన్సిలు పెట్టాను.”

“మా ఆవిడ ముఖం నాకంటే నీకు బాగా తెలుసా?”

“పోనీ ఆంటీని ఓసారి ఇటు చూడమనండి. ఆ నీడ లేకపోతే నేనే చెరిపేస్తాను.”

“ఆవిణ్ణెందుకు మధ్యలోకి లాగుతావ్? చెరిపితేనే వేలంపాటలో పెడతాం. లేదంటే చింపి అవతల పారేస్తా.”

క్రిస్టినా కోపం నషాళానికి అంటింది. మొదటిసారి తన బొమ్మని నలుగురూ మెచ్చుకుంటుంటే, పెన్సిలు పట్టడం రాని ఈ మనిషి వంకలు పెట్టడమేమిటి? పెద్దరికం ఉంటే సంఘంలో ఉండొచ్చు గానీ, బొమ్మ మీద కూడానా?

“నా కంటికి కనబడిందే గీశానండి. చెరపను.”

“కనబడిందా? ఎక్కడ కనబడింది? ఇక్కడా?” అని అరుస్తూ సాల్మన్ కుడి అరచెయ్యి చాచి బొమ్మ చెంప మీద గట్టిగా అదిమాడు.

పందిట్లో అందరూ బొమ్మ వైపు తిరిగారు.

నాలుగు గీతలూ ఆయన నాలుగు వేళ్ళ కింద సరిగ్గా ఇమిడిపోయాయి.