పది అంకెలు

"నెల దాటింది బిడ్డా, షూటింగుకు పిలుపే లేదు. మేమేం తప్పు చేసినం?"

షూటింగులకు జూనియర్ ఆర్టిస్టుల వివరాలు అందించే మా ఫిల్మ్ నగర్ ఆఫీసులో, నా బల్ల ముందు నిలబడి జూనియర్ ఆర్టిస్టు దేవమ్మ ఏడుస్తోంది.

ఆమె రికార్డు తెరిచాను. "అన్నీ సరిగ్గానే ఉన్నాయమ్మా. ఫోన్ చేస్తే మీరే ఎత్తట్లేదట."

"మాకు ఫోనేడిది? షేక్‌పేట గల్లీల వ్యాను ఆపి పేరు పెట్టి పిలిచేటోళ్లు, ఉరికొచ్చేటోళ్లం."

ఆమె రికార్డులో ఫోన్ నంబరు గడి చూశాను.

పాత రికార్డుల్లో ఒక్కొక్కరి వివరాలు ఒక్కోలా ఉండేవి. వాటిని కొత్త ప్రోగ్రాంలోకి మార్చింది నేనే. ఒక్క గడి ఖాళీగా ఉన్నా అది ఒప్పుకోదు. అదే దాని గొప్పని అందరికీ చెప్పుకున్నాను కూడా. ఫోన్ నంబరు లేక పంతొమ్మిది మంది దగ్గర ఆగిపోయింది. ఆ రోజు పక్కగదిలో నిర్మాతలు కొత్త ప్రోగ్రాం చూడ్డానికి ఎదురుచూస్తున్నారు. తర్వాత సరిచేయొచ్చులే అని ఆ పంతొమ్మిది మందికీ చేతికొచ్చిన పది అంకెలే కొట్టేశాను. తప్పులన్నీ మాయమయ్యాయి.

చేతికొచ్చినవి నా నంబరు అంకెలే. నెల రోజులుగా వస్తున్న కాల్స్‌ని క్రెడిట్ కార్డుల వాళ్లనుకుని కట్ చేస్తున్నాను.

ఆమెకు చెప్పబోయేంతలో నా ఫోన్ మోగింది. ఎత్తాను. అవతలి గొంతు బయటికే వినబడింది.

"భిక్షమేనా? సాధువు వేషముంది. గడ్డమున్నోడే కావాలె, జల్దీ రా."

"మా ఆయనే!" దేవమ్మ ముఖం వెలిగింది. మరుక్షణమే నా ఫోన్ వైపు వద్దన్నట్టు చెయ్యి ఊపింది.

"ఇరవై ఏండ్ల గడ్డం బిడ్డా. ఇగ పిలవరని నిన్ననే గీయించిండు. హైటెక్ సిటీల వాచ్‌మెన్ పనికి గడ్డం వద్దన్నరట."