వైదేహి కడియం

ఇప్పుడు ప్రతి చేతికీ నాడి చూసే కడియమే. మూడు రోజులు దిగులు చూపిస్తే వైద్యశాల బండి వచ్చి దిగులు కడిగేసే తైలధారకు తీసుకుపోతుంది. పక్కింటి సువర్చల అలా వెళ్లొచ్చాక, తల్లి పోయిన రోజున కూడా నవ్వుతూనే ఉంది.

మా అమ్మాయి వైదేహికి ఇవాళ మూడో రోజు.

"ఎందుకే ఈ దిగులు?"

"ఏమోనమ్మా, ఊరికే ఏడుపొస్తోంది."

దాని బదులు నా నాడి చూపిద్దామని, నాది తీసేసి దాని కడియం నా చేతికి తొడుక్కుని, దేవుళ్లందరికీ మొక్కుతూ బ్రాహ్మీ కషాయం కాశాను.

కడియం పలికింది. "వైదేహి గారూ, మీది దిగులు కాదు, విపరీతమైన భయం. భయానికి మూడు రోజులు ఆగం. బండి బయల్దేరింది."

వైదేహి చెయ్యి చాపింది.

"ఇలా ఇచ్చెయ్యమ్మా. నీ భయం కంటే నా దిగులే నయం."

వీధి మలుపులో బండి హారన్ వినిపించింది. నేను తలుపుకు గడియ పెట్టాను.