పెద్దగారు రాసిచ్చిన సాక్ష్యం

“నేను చెప్పను” అంది ఓక్‌బున్, ముచ్చటగా మూడోసారి.

కృతజ్ఞతా ఆదివారం ఆరాధన మొదలవడానికి పావుగంటే ఉంది. వేదిక నిండా క్యాబేజీలు, ఎర్రటి పర్సిమన్ పళ్ళు, కొత్త బియ్యం బస్తాలు పేర్చారు. కింద వంటగదిలో మూడువందల మందికి నూడుల్స్ ఉడుకుతున్నాయి. కొరియాలోని ఆ ఇంచన్ నగరం చుట్టుపక్కల సంఘాల అతిథులు కూడా వచ్చి ముందు వరసలో సర్దుకున్నారు. సాక్ష్యం చెప్పాల్సిన మనిషి మాత్రం పాస్టరుగారి గదిలో చేతులు కట్టుకుని కూర్చుంది.

సంఘపెద్ద తాక్ గారికి ఒళ్ళు మండిపోయింది. ఆ సంఘంలో ఆయన మాటకు ఎదురు లేదు. మందిరం పైకప్పు ఆయన వేయించిందే. మార్చిలో కాలిపోయిన చేతి తొడుగుల ఫ్యాక్టరీ కూడా ఆయనదే. ఆ మంటల్లో పదకొండు మంది ఆడవాళ్ళు పోయారు. బతికి బయటపడింది ఓక్‌బున్ ఒక్కతే.

“అంతమంది పోయినచోట దేవుడు నిన్నొక్కదాన్నే కాపాడాడు చెల్లెమ్మా! స్తోత్రం చెప్పడానికి నోరు రావట్లేదా?”

“మరి నా పక్క మిషను మీద పనిచేసిన క్యంగ్‌జాను ఎందుకు కాపాడలేదట? రోజూ తెల్లవారుజాము ప్రార్థనకి వచ్చింది అదా, నేనా? నేను నిద్రమొహాన్ని.”

“అదిగో, సైతాను ప్రశ్నలంటే ఇవే. ఎనిమిది నెలలైంది. ఇంకా తలుపు పక్కనే కూర్చుంటావు. మేమంతా ‘ప్రభువా’ అని మూడుసార్లు గొంతెత్తగానే చెవులు మూసుకుని బయటికి పరిగెడతావు. ప్రార్థన చాలకే ఈ జబ్బు.”

“జబ్బో గిబ్బో! అందరూ ఒక్కసారిగా అరిస్తే నాకు ఆవేళ్టి అరుపులే వినబడతాయి. మీరు విన్లేదుగా, మీకేం, హాయిగా ఉంటుంది.”

పాస్టర్ హాం కల్పించుకున్నాడు. వయసులో చిన్నవాడు, ఆ సంఘానికి వచ్చి ఇంకా ఏడాది కాలేదు. “ఆవిణ్ణి వదిలెయ్యండి పెద్దగారూ. గాయం మానకముందే కట్టు విప్పి పదిమందికీ చూపించమంటే ఎలా? ఆవిడ ఎప్పుడు మాట్లాడాలనుకుంటే అప్పుడు విందాం. అంతవరకు పక్కన కూర్చోవడమే మన పని.”

“మనోవైద్యం పుస్తకాలు చదివి మందిరాన్ని ఆస్పత్రి చేస్తారా ఏంటి?”

“చేస్తే తప్పేముందండీ?”

పెద్దగారు ఆ మాట వినిపించుకోలేదు. కోటు జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశాడు.

“కిందటి వారం నువ్వు చెప్పింది విన్నాను. పొగొచ్చింది, మిషను దగ్గరే పడిపోయాను, ఆస్పత్రిలో కళ్ళు తెరిచాను! ఇదేం సాక్ష్యం? ఉప్పూ కారం లేని కూర. ముందు దారులన్నీ మూసుకుపోవాలి, అప్పుడు దేవుడు ఒక దారి తెరవాలి. అప్పుడుగానీ జనం కళ్ళు తుడుచుకోరు. అందుకే రాత్రి నేనే కూర్చుని రాశాను. నువ్వు చూసి చదివితే చాలు.”

ఆ సంఘంలో అది మామూలే. పదేళ్ళుగా ప్రతి సాక్ష్యమూ ఆయన చేతిమీదుగానే వేదికెక్కుతోంది. ఆయన కలం తగిలితే జలుబు తగ్గడం కూడా చచ్చి బతకడమైపోతుంది.

“చదువుతాగానీ, ముందు మీరొకటి చెయ్యండి” అంది ఓక్‌బున్. “వెనక తలుపు తెరిచే ఉందనీ, ఆడవాళ్ళే కంగారులో చూసుకోలేదనీ పోలీసులకి చెప్పారు. వెనక గోడ మొత్తం కూలిపోయింది, కాదనడానికి ఎవరూ మిగల్లేదు. మా క్యంగ్‌జా గుడ్డిది కాదు. ఆ మాట వెనక్కి తీసుకోండి.”

“ఆ గొడవ ఇక్కడెందుకు? ఇది దేవుడి మందిరం!”

చచ్చినవాళ్ళ మీద నింద వేయడానికి రాని మొహమాటం ఆయనకు అప్పుడొచ్చింది. కాగితాన్ని ఆమె ఒళ్ళో పడేశాడు.

ఓక్‌బున్ విసిరికొట్టబోయి, ఎందుకో ఒకసారి చూసింది. సగం దాకా చదివి ఆగింది. అదే వాక్యం మళ్ళీ చదివింది.

“చదువుతాను” అంది లేచి. “ఒక్క ముక్క కూడా మార్చను.”

“హల్లెలూయా!” పెద్దగారి మొహం వెలిగిపోయింది.

“ఇష్టం లేకపోతే వద్దమ్మా. నేను చెప్పుకుంటాను వాళ్ళకి” అన్నాడు పాస్టర్.

“లేదు పాస్టరుగారూ. ఇష్టంగానే చదువుతాను.”

ఆమె వేదికెక్కగానే మందిరంలో గుసగుసలు ఆగిపోయాయి.

“ఈ కాగితం తాక్ పెద్దగారు తన చేత్తో రాసిచ్చారు” అని మొదలుపెట్టింది. ముందు వరసలో ఆయన వినయంగా తల వంచాడు.

“పొగలో పాక్కుంటూ వెనక తలుపు దగ్గరికి వెళ్ళాను. ఎంత తోసినా కదల్లేదు. బయట గొళ్ళేనికి ఇనుప తీగ మూడు చుట్లు చుట్టి ఉంది. అప్పుడు ప్రభువు...”

“ఆమేన్!” అన్నారు ఎవరో.

పెద్దగారి తల చటుక్కున పైకి లేచింది. “అది వదిలేయమ్మా! కిందికెళ్ళు, చివరి పేరా చదువు!”

“ఒక్క ముక్క కూడా మార్చనన్నాను కదండీ.”

“మైకు ఆపండి! ఆపమంటున్నానా!”

మైకు దగ్గరున్న మనిషి మీట మీద చెయ్యి వేయబోయాడు. పాస్టర్ హాం వెళ్ళి అతనికి అడ్డంగా నిలబడ్డాడు. “ఎవరూ ముట్టుకోవద్దు. ఎనిమిది నెలలు మనం మాట్లాడాం. ఇవాళ ఆవిడ మాట్లాడుతుంది, మనం వింటాం.”

మూడువందల మందిలో ఒక్కరు కూడా కదల్లేదు. ఓక్‌బున్ కాగితం మీంచి తలెత్తి సూటిగా ముందు వరసకేసి చూసింది.

“నేను మిషను దగ్గరే పడిపోయాను పెద్దగారూ. ఆ తలుపు దాకా వెళ్ళనేలేదు. వెళ్ళినా, లోపలున్నవాళ్ళకి బయటి గొళ్ళెం కనబడదు. మరి దానికి తీగ ఎన్ని చుట్లు ఉందో మీకెలా తెలిసింది?”